కత్తెరమ్మ కోత

మా తోడికోడలి గురించి మంచి చెప్పమని నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. పదిహేడేళ్లు ఒకే ఇంట్లో కాపురం చేశాం. కింది వాటా వాళ్లది, పై వాటా మాది, మధ్యలో పదహారు మెట్లు. వరసకి నాకు అక్క. ఆ పదిహేడేళ్లలో ఆమె నన్ను చూసి మనస్ఫూర్తిగా నవ్వింది ఒక్కసారే. ఆ నవ్వు ఎంత దూరం పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మా ఆరోగ్య శాఖలో కొందరు ఆమెని దొంగంటారు, ఇప్పుడిప్పుడే కొందరు దేవతంటున్నారు. ఈ రెండు మాటలూ ఆమెతో ఒక్క పూటైనా కలిసి ఉండనివాళ్లు అనేవే.

ఆమె సర్కారు మందుల గోదాములో స్టోర్ కీపరు. చుట్టుపక్కల పద్నాలుగు ఆరోగ్య కేంద్రాలకు దూదీ సూదీ మొదలుకొని సెలైన్ బాటిళ్ల దాకా అక్కణ్ణుంచే పోవాలి. రేకుల కప్పు, నేల మీద తేమ తగలకుండా చెక్క పలకలు, పలకల మీద అట్టపెట్టెల వరసలు. పెట్టెల కట్లు కోయడానికి ఒక పాత కత్తెరను దారానికి కట్టి మెడలో వేసుకునేది. కత్తెరమ్మ అనే పేరు దానివల్ల వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. కాదు. మేం రాసిన ఇండెంట్లను కోసినందుకు వచ్చింది.

ఇండెంటంటే, మాకు ఫలానా మందు ఇంత కావాలని కేంద్రాల నుంచి నెలనెలా రాసే కాగితం. నేను అలాంటి ఒక కేంద్రంలో నర్సుని. డాక్టరు వారానికి రెండు రోజులు వస్తాడు, మిగతా రోజులకి నేనే డాక్టర్ని, నేనే గుమస్తాని. ఉద్యోగంలో చేరిన మొదటి నెల నేను నిజమే రాశాను. యాభై కావాలంటే యాభై. పదిహేడు వచ్చాయి. పక్క కేంద్రం నర్సు విని, నీకెవరూ చెప్పలేదా, యాభై కావాలంటే నూటయాభై రాయాలి, అని నా తెలివితక్కువతనానికి జాలి పడింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మా దగ్గర మూడుసార్లు అడగనిదే పెట్టరు. రెండో నెల నుంచి నేనూ మూడింతలు రాశాను. ఆమె మూడో వంతు ఇచ్చింది. అబద్ధం రాసేది మేము, కోసేది ఆమె, చివరికి కావలసినవి వచ్చేవి. ఇరవై ఏళ్లుగా ఈ బండి ఇలాగే నడిచింది. దీన్ని ఎవరూ ఏ రూలు పుస్తకంలోనూ రాయలేదు.

ఇంట్లోనూ అదే కోత. నీళ్ల మోటారు మీట ఆమె వాటాలో ఉండేది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, అంతే. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. నా పెళ్లైన కొత్తలో, స్నానం సగంలో నీళ్లు ఆగిపోతే ఒళ్లంతా సబ్బుతో నిలబడి అరిచాను. కింది నుంచి ఆమె, బకెట్‌లో పట్టుకుని పోసుకోవడం మీ ఇంట్లో నేర్పలేదా, అంది. మా ఆయన వాళ్ల వదిన మాటకి ఎదురు చెప్పే రకం కాదు. బావగారు అసలు ఏ మాటకీ మాట చెప్పే రకం కాదు. అలా మొదలైంది మా ఉప్పూ నిప్పూ.

నిజం దాచను. పని తెలిసిన మనిషి. ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుంది. ఏ పెట్టె ఎప్పుడు గడువు దాటుతుందో కాగితం చూడకుండా చెప్పేది. ముందు చచ్చేది ముందు పోవాలి అన్నది ఆమె సూత్రం. కొత్తగా వచ్చిన పెట్టెల్ని వెనక్కి నెట్టి, గడువు దగ్గరపడ్డ వాటిని ముందుకు లాగి, వాటినే మాకు అంటగట్టేది. ఇరవై రెండేళ్లలో ఆమె చేతిలో ఒక్క బాటిల్ పగల్లేదు, ఒక్క సెలైన్ సంచి కారలేదు. కానీ రిజిస్టరులో మాత్రం ప్రతి నెలా నూటికి ఐదు పగిలినవి, కారినవి అని రాసి ఉండేది. నూటికి ఐదు దాకా పగలడానికి పైవాళ్ల అనుమతి ఉంది. పగలనివాటిని పగిలినట్టు రాసి ఆమె ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు.

నాకు తెలిసింది. ఒకసారి ఇండెంట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు గోదాము చివరనున్న పాత కొలతల గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నేల నుంచి నా భుజం ఎత్తు దాకా సెలైన్ పెట్టెలు. సరిగ్గా నాలుగు వరసలు, గోడకు జానెడు ఎడం. పెట్టెల మీద గడువు తేదీలు కొత్తవి. నేను చూశానని ఆమె చూసింది. తలుపు మూసి, తాళం వేసి, ఇండెంట్ కాగితం తీసుకుని నా ఎదుటే మూడో వంతుకి కోసింది. నేను ఆ గదిని మనసులో మడిచి పెట్టుకున్నాను.

ఆ మడత విప్పే రోజు మరుసటి ఏడాది వచ్చింది. మా కేంద్రం పక్కన సంతలో ఒక పిచ్చికుక్క తిరగబడి ఒక్క పూటలో పాతికమందిని కరిచింది. కుక్కకాటు సూదిమందు నాకు నెలకి ముప్పై సరిపోయేవి, కాబట్టి ఎప్పుడూ తొంభై రాసేదాన్ని. ఆ నెల నిజంగా తొంభై కావాలి. తొంభై అనే రాశాను. ముప్పై వచ్చాయి. ఫోన్ చేస్తే, కావాలంటే మళ్లీ ఇండెంట్ రాయి, వచ్చే వారం బండికి వస్తాయి, అంది. నాలుగో రోజు ఒక తండ్రి చేతిలో పిల్లతో వచ్చాడు. పిల్ల పిక్క మీద పళ్ల గాట్లు. మందు అయిపోయింది, పట్నం తీసుకెళ్లు, అన్నాను. అతను పిల్లని నెమ్మదిగా బల్ల మీద కూర్చోబెట్టి నా చెంప పగలగొట్టాడు. వరండాలో నలభైమంది చూశారు. అతణ్ని నేను తప్పు పట్టలేదు. ఇప్పటికీ పట్టను. పిల్ల బతికింది, పట్నంలో వేయించాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వార్త నాకంటే ముందే మెట్లెక్కింది. ఆమె గుమ్మంలో నిలబడి నా చెంప చూసి నవ్వింది. పళ్లు కనబడేలా నవ్వింది.

"కుక్క కరిచినా తొంభై, కరవకపోయినా తొంభై. నిజం ఏదో నాకెలా తెలియాలే?"

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. ఆ సామెత కట్టినవాళ్లకి దండం పెట్టాలి. చెంపదెబ్బ రాత్రికి తగ్గింది. నవ్వు తగ్గలేదు. మర్నాడే పై ఆఫీసుకి నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. కొలతల గది, నాలుగు వరసలు, నూటికి ఐదు. పేరు పెట్టి, సంతకం చేసి పంపాను. ఆకాశరామన్న ఉత్తరం రాసే రకం కాదు నేను. కొట్టేది నేనని ఆమెకి తెలియాలి.

ఇద్దరు అధికారులు వచ్చి గది తెరిపించారు. నాలుగు వందల పన్నెండు సెలైన్ బాటిళ్లు, వాటికి సరిపడా గొట్టాలూ సూదులూ, లెక్కలో లేనివి. సాక్షిగా నన్నూ పిలిచారు కాబట్టి అక్కడే ఉన్నాను. అమ్ముకోవడానికా అని అడిగారు. కాదంది. మరి దేనికంటే, ఒకేసారి అందరికీ కావలసి వచ్చే రోజుకి, అంది. ఆ రోజు కోసమైతే లెక్కలో చూపించి దాచొచ్చు కదా అని పెద్ద అధికారి అడిగాడు. ఆమె మెడలో కత్తెర తీసి బల్ల మీద పెట్టింది.

"మిగులు చూపిస్తే వచ్చే కోటాలో మీరు అంతా కోసేస్తారు సార్. మూడేళ్లు చూపించాను, మూడేళ్లూ కోశారు. అందుకే పగలగొట్టడం మొదలుపెట్టాను."

వాళ్లు నవ్వుకున్నారు. కత్తెరమ్మనే కోసేవాళ్లున్నారా అని చిన్న అధికారి జోకు కూడా వేశాడు. నేనూ నవ్వాను. నా వంతు వచ్చింది కదా. ఆమె నా వైపు చూడలేదు. ఆ బాటిళ్లను ప్రతి నెలా ఆమె మార్చేదని, పాతవి తీసి మాకు పంపి వాటి చోట కొత్తవి పెట్టేదని, అందుకే పదేళ్ల దాపుడులో ఒక్కటి కూడా గడువు దాటలేదని వాళ్ల నివేదికలోనే రాశారు. రాసి, దాని కిందే క్రమశిక్షణ చర్య అని రాశారు. ఆమెని గోదాము నుంచి తీసేసి జనన మరణాల నమోదు గదిలో గుమస్తాగా కూర్చోబెట్టారు. ఇంట్లో ఆమె నాతో మాట్లాడటం మానేసింది. మోటారు మాత్రం పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తప్పకుండా వేసేది. అందులో ఒక్క నిమిషం తగ్గించి ఉంటే నాకు హాయిగా ఉండేది. తగ్గించలేదు.

దొరికిన బాటిళ్లను పద్నాలుగు కేంద్రాలకూ సమానంగా పంచేశారు. మాకూ ముప్పై వచ్చాయి. మా వైపు జనానికి నీరసంగా ఉందంటే ఒక సెలైన్ ఎక్కించమని అడగడం అలవాటు. ఎక్కిస్తే వాళ్లకి సంతోషం, నాకు పేరు. రెండు నెలల్లో ఆ ముప్పై బాటిళ్లూ నీరసాలకే కారిపోయాయి. మిగతా కేంద్రాల్లో కూడా ఇంతకంటే గొప్పగా ఏమీ జరగలేదు.

ఆ తర్వాతి వానాకాలంలో ఏరు పొంగింది. రోడ్డు రెండుచోట్ల తెగింది. వరద నీరు తీసిన నాలుగో రోజు నుంచి వాంతులు, విరేచనాలు. ఊళ్లకు ఊళ్లు మంచం పట్టాయి. కలరాకి పెద్ద మందేం అక్కర్లేదు. పోయిన నీటిని పోయినంత వేగంగా ఒంట్లోకి ఎక్కిస్తే మనిషి లేచి కూర్చుంటాడు, ఎక్కించకపోతే పూటలో పోతాడు. అంటే సెలైన్ ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోదాములో ఉన్నవి పదకొండు వందల బాటిళ్లు. పై నుంచి రావలసిన లారీ తెగిన రోడ్డుకి అవతల నిలిచిపోయింది.

ఆమె కుర్చీలో అప్పుడు ఒక కుర్రాఫీసరు ఉన్నాడు. చెడ్డవాడు కాదు. కంప్యూటరు మీద చకచకా పని చేస్తాడు, ఎవరినీ కసరడు. పాత ఫైళ్లలో నాలుగైదు పైపైన తిరగేసి, కత్తెరమ్మ ప్రతి ఇండెంటునీ మూడో వంతుకి కోసిందని తేల్చేశాడు. అదే సూత్రమనుకున్నాడు. పద్నాలుగు ఇండెంట్లూ తెచ్చి అన్నిటినీ మూడో వంతుకి కోసి అదే రోజు పంపించేశాడు. ఆ వేగానికి తర్వాత అతనికి మెచ్చుకోలు కాగితం కూడా వచ్చింది.

నేను ఇండెంటు రాసే వేళకి వరండాలో ఇరవై రెండు మంది పడి ఉన్నారు. ఎంత కావాలో లెక్క వేస్తే నూటయాభై, మహా అయితే నూటఅరవై వచ్చింది. మూడింతలంటే నాలుగు వందల ఎనభై. అది రాసి, భయం వేసి, కొట్టేసి తొమ్మిది వందలని రాశాను. మూడు వందలు వచ్చాయి. గదిలో పట్టక నా కుర్చీ వెనక కూడా పెట్టించాను. పెట్టెలకి వీపు ఆనించి కూర్చుంటే ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను.

ఏటి అవతలి కేంద్రంలో ఒక ముసలి కాంపౌండరు ఉన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. డాక్టరు లేక, నర్సు లేక, ఆయనా ఒక ఆయమ్మా కలిసి ఆ కేంద్రాన్ని నడిపేవాళ్లు. ఆయమ్మే తుడిచేది, ఆయమ్మే నీళ్లు కాచేది, ఆయమ్మే రోగుల వాంతులెత్తేది. ఆయన దగ్గర ముప్పై ఒక్క మంది పడి ఉన్నారు. ఆయన గుండ్రటి అక్షరాలతో నూటయాభై అని రాశాడు. కుర్రాఫీసరు యాభై పంపాడు. ఆ యాభై ఒకటిన్నర రోజు వచ్చాయి.

మందుల వ్యాను డ్రైవరు ఆ సంగతి ఆఫీసులో ఎవరికి చెప్పినా, లారీ వస్తుంది, చూద్దాం, అన్నారు. చివరికి జనన మరణాల గదిలోకి వెళ్లి ఆమెకి చెప్పాడు. కాంపౌండరు ఎంత రాశాడని ఒక్కటే అడిగిందట. నూటయాభై అనగానే కలం మూసి, ఎవరినీ అడక్కుండా వెళ్లి వ్యాను ఎక్కిందట. ఎక్కి, మా కేంద్రానికి పోనిమ్మంది. నా దగ్గర మిగులుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నా అబద్ధం పొడవెంతో, వెడల్పెంతో ఆమెకి తెలుసు.

మధ్యాహ్నం పన్నెండూ ముప్పై ఐదుకి వ్యాను ఆగింది. ఆ టైము ఎందుకు తెలుసంటే, గోడ గడియారం వైపు చూసి, అబ్బ, ఎన్నాళ్లకి నా గుమ్మం తొక్కావే అనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఆమె గొంతు విన్నాను. నూట ఇరవై బాటిళ్లు ఇవ్వు, కాంపౌండరుకి, అంది. నేను లేవలేదు.

"ఇండెంట్ ఉందా మేడమ్?"

లేదంది. పోనీ ఆఫీసు నుంచి సంతకం పెట్టిన కాగితం? అదీ లేదు. అయితే ఫోన్ చేసి కనుక్కుంటాను, కూర్చోండి, అన్నాను. రోగుల బెంచీ చూపించాను. అరవైకి దగ్గరపడ్డ మనిషి, వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుంది, ఎదర ఒక ముసలాయన బకెట్‌లోకి వాంతి చేసుకుంటుంటే. ఫోన్ కలవదని నాకు తెలుసు. వరదప్పటి నుంచీ కలవడం లేదు. అయినా నాలుగుసార్లు చేశాను. మధ్యలో లేచి వెళ్లి ఒకరి చేతికి సూది సరిచేశాను, తీరిగ్గా చేతులు కడుక్కున్నాను. ఏళ్ల తరబడి ఆ గోదాము గుమ్మంలో నన్ను ఇలాగే నిలబెట్టింది. ఇండెంటు లేనిదే గుడ్డముక్క కదలదని ఇలాగే చెప్పింది. నా ఒంట్లో ప్రతి ఎముకా ఆ బెంచీని చూసి సంబరపడింది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు సిగ్గు లేదు.

"ఆయన అడిగినంతే రాస్తాడే," అంది ఆమె ఒకసారి. "నూటయాభై అంటే నూటయాభయ్యే. నీలా కాదు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నేను దిగబోతున్న మెట్టు మళ్లీ ఎక్కాను. రూలు మీరు నేర్పిందే కదా మేడమ్, అని తెల్లకాగితాలు తీసి మూడు ప్రతుల రసీదు రాయడం మొదలుపెట్టాను. బాటిళ్లను ఒక్కొక్కటీ లెక్కపెట్టించాను. గడువు తేదీలు చదివి రాసుకున్నాను. ఆమె మూడు ప్రతుల మీదా సంతకం చేసింది. వ్యాను కదిలేసరికి ఒకటీ ఇరవై. నూట ఇరవై బాటిళ్లు పోయాక కూడా నా గదిలో చాలినన్ని ఉన్నాయి. ఆఖర్న లారీ వచ్చిన రోజుకి పదకొండు మిగిలాయి. ఆమె నూట ఇరవై అని ఎలా అడిగిందో నాకిప్పటికీ ఆశ్చర్యం.

మర్నాడు డ్రైవరు వచ్చి చెప్పాడు. వ్యాను ఏటి అవతలికి చేరింది రెండూ పదిహేనుకి. దిగిన వెంటనే ఆమె కూడా గొట్టాలు విప్పి అందించిందట, వచ్చిన బాటిళ్లతో ముప్పై ఒక్కమందీ నిలబడ్డారట. అయితే అందరూ బతికినట్టేనా అని అడిగాను. రోగుల్లో ఎవరూ పోలేదట. ఆయమ్మ పోయింది. అందరి వాంతులూ ఎత్తిన మనిషికి పొద్దున్నే మొదలైందట, చివరి రెండు బాటిళ్లు తనకి వద్దని ఒక బాలింతకి పెట్టించిందట. ఒకటీ యాభై ఐదుకి పోయిందని కాంపౌండరు కాగితం మీద రాశాడు. ఆయనకి నిమిషం అటూ ఇటూ రాయడం కూడా చేతకాదు.

నా దగ్గర్నించి అక్కడికి యాభై ఐదు నిమిషాల దారి. పెట్టెలు ఎక్కించడానికి ఐదు నిమిషాలు చాలు. అడగ్గానే ఇచ్చి ఉంటే ఒకటీ ముప్పై ఐదుకి చేరేవి. నేను నర్సుని కాకపోతే నాకు నేను ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఇరవై నిమిషాల్లో రెండు చేతులకీ పెట్టి పిండితే రెండు బాటిళ్లు పోతాయి. నాడి అందని మనుషులు రెండు బాటిళ్లకి కళ్లు తెరవడం ఆ వారంలోనే నేను ఆరుగురిని చూశాను. ఆయమ్మ ఏడో మనిషి అయ్యేదో కాదో ఎవరికీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆమె చావు కాగితం నమోదుకి జనన మరణాల గదికే వెళ్లింది. మా తోడికోడలే ఆ టైము రిజిస్టరులో ఎక్కించింది.

ఇంట్లో తిడుతుందని ఎదురుచూశాను. మెట్ల మీద కాపేసి జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకుంటే బాగుండు. నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మోటారు. నేనే ఒకరోజు ఉండబట్టలేక, నువ్వు చివర్లో ఆ మాట అనకపోతే వెంటనే ఇచ్చేదాన్ని అక్కా, అని కింది గుమ్మంలో నిలబడి అరిచాను. బావగారు పేపరు దించి నన్ను చూశారు. ఆమె వంటింట్లోంచి రానేలేదు.

ఆరు నెలలకి ఆమె రిటైరైంది. కుర్రాఫీసరు పై పదవికి పోయాడు. గోదాము ఎవరికివ్వాలన్న మాట వచ్చినప్పుడు, దాని లొసుగులన్నీ నాలుగు పేజీల్లో రాసిన నర్సు ఉందిగా, ఆమెకే ఇవ్వండి, అన్నారట. దొంగకు తాళం చెవి ఇచ్చినట్టయిందని ఎవరూ అనలేదు. నేను అనుకున్నాను. చేరిన మొదటి నెల వచ్చిన సరుకులో ఒక్కటీ పగల్లేదు. రిజిస్టరులో నూటికి ఐదు పగిలినవి, కారినవి అని రాసి, పగలనివాటిని కొలతల గదిలో పెట్టించాను.

ఆ వారమే ఒక సాయంత్రం మెట్ల మొదట్లో ఒక పొడుగాటి నోటుపుస్తకం కనిపించింది, దాని మీద కత్తెర. పై వాటా వైపు పెట్టి ఉంది కాబట్టి నాకే. లోపల కేంద్రానికొక పేజీ. అడిగింది, ఇచ్చింది, నిజంగా వాడింది, ఇరవై రెండేళ్లవి. పైన ఒక్కొక్కరి అబద్ధం కొలత. ఒకరు రెండింతలు, ఒకరు వేసవిలో నాలుగింతలు, ఒకరు ఆడిటు ముందు మాత్రం నిజం. ఆమె అందర్నీ మూడో వంతుకి కోసిందన్నది మా ఊహ. ఎవరి అబద్ధానికి తగ్గట్టు వాళ్లని కోసింది. నా పేజీలో మూడింతలు అని ఉంది, పక్కనే చిన్న అక్షరాలతో, భయం వేస్తే ఆరింతలు. తొమ్మిది వందలు రాసిన రోజుకి ఎన్నో ఏళ్ల ముందు రాసిన సిరా అది. కాంపౌండరు పేజీలో అడిగిందీ వాడిందీ ఒక్కటే, మొదటి వరస నుంచి చివరి వరస దాకా. పైన ఒకే మాట: కోయకూడదు.

మొన్న సోమవారం ఈ నెల ఇండెంట్లు వచ్చాయి. కాంపౌండరుది అడుగున ఉంది. అవే గుండ్రటి అక్షరాలు, అదే నీలం సిరా. సెలైన్ దగ్గర నాలుగు వందల యాభై అని ఉంది. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఆయనకి ఫోన్ చేశాను. ఇంత కావాలా కాంపౌండరు గారూ, వాన కూడా లేదు కదా, అన్నాను. కావాలమ్మా, అన్నాడాయన. గొంతులో కోపం లేదు. ఫోన్ పెట్టేశాడు.

ఆ కాగితం ఇంటికి తెచ్చి, పదిహేడేళ్లలో మొదటిసారి, కింది వాటా తలుపు నేనే తట్టాను. అక్కా, ఇందులో నిజం ఎంత, అని అడిగాను. ఆమె కాగితం దీపం దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇరవై రెండేళ్లు ఆయన్ని ఒక్కసారి కూడా కోయలేదు," అంది. "ఇప్పుడు నువ్వు కోయి."

తలుపు వేసుకుంది. మర్నాడు గోదాములో పుస్తకం తెరిచి, కాంపౌండరు పేజీలో పైనున్న మాటని కొట్టేశాను. దాని కింద మూడింతలు అని రాశాను. పక్కన చిన్న అక్షరాలతో, నేర్పింది నేను, అని రాశాను. తర్వాత ఎర్ర కలం తీసి ఆయన నాలుగు వందల యాభైని నూటయాభైకి కోశాను.